రక్తమిచ్చే చేయి, నిజము చెప్పే నోరు



రక్తదానము చేయడానికి వెళ్ళిన వారికి మొదట ఎదురయ్యేది సూది కాదు, ఒక కాగితము. పేరు, వయస్సు, బరువు రాసిన తరువాత అందులో కొన్ని ప్రశ్నలుంటాయి. మీకు ఎప్పుడైనా కామెర్లు వచ్చినవా? ఇంతకు మునుపు మీకు రక్తము ఎక్కించారా? ఈ మధ్య పచ్చబొట్టు పొడిపించుకున్నారా? మత్తుమందు ఇంజెక్షన్లు ఎన్నడైనా తీసుకున్నారా? చాలామంది వీటిని సరిగా చదవకుండానే పైనుంచి క్రిందివరకు "లేదు, లేదు, లేదు" అని గుర్తులు పెట్టి సంతకము చేసేస్తారు. "ఎలాగూ మన రక్తాన్ని పరీక్షిస్తారు గదా, మళ్ళీ ఈ ప్రశ్నలన్నీ దేనికి?" అని నన్ను అడిగినవారు కూడా ఉన్నారు.

సంఘ వార్షికోత్సవాలకు, యౌవనస్థుల కూడికలకు రక్తదాన శిబిరాలు పెట్టడము ఇప్పుడు మనకు అలవాటైనది. ఎంతో మంచి అలవాటు. అయితే ఆ కాగితము మీది ప్రశ్నలు ఎక్కడినుంచి వచ్చినవో, వాటి వెనుక ఎందరు రోగుల బాధ, ఎన్ని ఏండ్ల పరిశోధన ఉన్నదో మనలో చాలామందికి తెలియదు. ఈ నెల మన శీర్షికలో ఆ సంగతి చూద్దాము.

ఒకే పేరు, వేర్వేరు రోగాలు

మన ఊళ్ళలో కళ్ళు పచ్చబడితే "కామెర్లు" అంటాము. అది రోగము పేరు కాదు, లోపల కాలేయము దెబ్బ తిన్నదని చెప్పే గుర్తు మాత్రమే. కాలేయము వాచుటను వైద్యులు హెపటైటిస్ అంటారు. దానిని కలుగజేసే వైరస్‌లలో ముఖ్యమైనవి ఐదు: ఎ, బి, సి, డి, ఇ. వీటిలో ఎ, ఇ అనేవి కలుషితమైన నీరు, ఆహారము ద్వారా వస్తాయి. సాధారణముగా కొన్ని వారాలలో తగ్గిపోతాయి. బి, సి అలా కాదు. ఇవి రక్తము ద్వారా పాకుతాయి. బి వైరస్ తల్లినుండి పుట్టే బిడ్డకు, లైంగిక సంబంధము ద్వారా కూడా సోకుతుంది. డి అనేది బి ఉన్నవారికే సోకుతుంది.

వీటిలోని అసలు ప్రమాదము ఏమిటంటే, ఇవి చప్పుడు చేయవు. బి గాని, సి గాని ఒంట్లో ఉన్న మనిషి 20, 30 ఏండ్లు ఏ బాధా లేకుండా పనిపాటలు చేసుకుంటూ తిరగవచ్చును. కళ్ళు పచ్చబడవు, ఆకలి తగ్గదు. లోలోపల కాలేయము గట్టిపడి సిర్రోసిస్‌గా మారవచ్చును, కొందరికి కాలేయ క్యాన్సరు రావచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2022లో మన దేశములో దాదాపు 2 కోట్ల 98 లక్షల మందికి హెపటైటిస్ బి, 55 లక్షల మందికి హెపటైటిస్ సి ఉన్నవి. వారిలో అధిక సంఖ్యాకులకు ఆ సంగతే తెలియదు. తనకు రోగమున్నదని తెలియని మనిషి మంచి మనస్సుతో వచ్చి రక్తమిస్తే ఏమవుతుంది?

1942లో అమెరికా సైనికుల విషయములో ఇది ఎంత పెద్ద ఎత్తున జరుగునో తెలిసింది. పచ్చజ్వరము రాకుండా వారికి వేసిన టీకామందులో మనుష్యుల రక్తరసము కలిపియున్నారు. ఆ రక్తరసము ఇచ్చినవారు చూడటానికి ఆరోగ్యవంతులే. కాని టీకా వేసుకున్నవారిలో సుమారు 50,000 మంది కామెర్లతో ఆసుపత్రి పాలైనారు. అది హెపటైటిస్ బి అని 1980 దశకములో, నాటి సైనికుల రక్తమును మరల పరీక్షించినప్పుడు గాని ధ్రువపడలేదు.

బెతెస్డాలో మొదలైన లెక్క

అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రములో బెతెస్డా అనే ఊరున్నది. రోగులు స్వస్థత కోసము ఎదురుచూసిన బేతెస్ద కోనేటిని మనము ఎరుగుదుము. ఆ పేరే అక్కడి ఒక పాత ప్రార్థనా మందిరము ద్వారా ఊరికి వచ్చినది. ఆ దేశ ప్రభుత్వము నడిపే నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ అనే పెద్ద వైద్య పరిశోధనా సంస్థ ఆ ఊరిలోనే ఉన్నది.

అక్కడ 1960 దశకము మొదట్లో బరూక్ బ్లంబర్గ్ అనే శాస్త్రజ్ఞుడు వేర్వేరు జాతుల ప్రజల రక్తమును పోల్చి చూస్తూ ఉండేవాడు. ఎన్నోసార్లు రక్తము ఎక్కించుకున్న ఒక రోగి రక్తరసముతో, ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి రక్తరసము కలిసినచోట ఒక సన్నని గీత ఏర్పడినది. బ్లడ్ బ్యాంకులో పనిచేస్తున్న యువ వైద్యుడు హార్వీ ఆల్టర్ ఆ పనిలో అతనితో కలసియున్నాడు. ఆ గీతకు కారణమైన పదార్థానికి "ఆస్ట్రేలియా యాంటిజెన్" అని పేరు పెట్టారు. అది హెపటైటిస్ బి వైరస్ పైపొర అని గ్రహించడానికి మరికొన్ని ఏండ్లు పట్టింది. ఆ పనికి బ్లంబర్గ్‌కు 1976లో నోబెల్ బహుమతి వచ్చినది. ఆయన పుట్టినరోజైన జూలై 28నే నేడు ప్రపంచ హెపటైటిస్ దినముగా పాటిస్తున్నారు.

ఆల్టర్, ఆయన సహచరులు మరొక పని మొదలుపెట్టారు. గుండె ఆపరేషను చేయించుకున్నవారికి ఆ రోజుల్లో ఎందరో దాతల రక్తము ఎక్కించవలసి వచ్చేది. ఆ రోగుల రక్తమును ఆపరేషనుకు ముందు తీసి, తరువాత నెలల తరబడి క్రమము తప్పకుండా మరల మరల తీసి కాలేయ పరీక్షలు చేశారు. ఆ రోగులకు రక్తమిచ్చిన దాతల నమూనాలు సైతము కలిపి, మిగిలిన రక్తరసమును గడ్డకట్టించి జాగ్రత్తగా దాచారు. రోగి ఇంటికి వెళ్ళిపోయిన తరువాత ఎవరూ పట్టించుకోని సంగతిని వీరు లెక్క కట్టారు.

లెక్క చూస్తే భయము కలిగింది. 1960 దశకము చివరలో అక్కడ గుండె ఆపరేషను చేయించుకున్నవారిలో సుమారు మూడింట ఒక వంతు మందికి, ఎక్కించిన రక్తము వలన హెపటైటిస్ వచ్చినట్లు తేలింది. గుండెను బాగు చేసిన ఆసుపత్రియే, తనకు తెలియకుండా కాలేయానికి రోగము అంటించి పంపుచున్నది.

డబ్బుకు కొన్న రక్తము

ఆ రక్తము ఎక్కడిది? అందులో చాలా భాగము డబ్బిచ్చి కొన్నది. ఆ కాలములో అమెరికా నగరాలలో రక్తము అమ్ముకొనేవారు ఉండేవారు. పని లేనివారు, ఇల్లు లేనివారు, త్రాగుడుకు, మత్తుకు అలవాటుపడినవారు, జైళ్ళలోని ఖైదీలు కొన్ని డాలర్ల కోసము చేయి చాచేవారు. "మీకు ఎప్పుడైనా కామెర్లు వచ్చినవా?" అని అడిగితే, ఆ పూట కూడు ఆ జవాబు మీద ఆధారపడియున్న మనిషి ఏమి చెప్పగలడు? "లేదు" అనే చెప్పేవాడు.

ఈ మాట పేదవారిని నిందించుటకు చెప్పడము లేదు. ఆకలిగొన్న మనిషి ముందు డబ్బు పెట్టి నిజము చెప్పమని అడుగుట న్యాయము కాదు. తప్పు ఆ బేరములో ఉన్నది.

1970లో బెతెస్డా వైద్యులు రెండు మార్పులు చేశారు. డబ్బుకు కొన్న రక్తమును పూర్తిగా మాని, స్వచ్ఛందముగా ఇచ్చిన రక్తమే వాడసాగారు. హెపటైటిస్ బి కొరకు అప్పుడే వచ్చిన పరీక్షను కూడా చేయసాగారు. మూడింట ఒక వంతుగా ఉన్న రోగుల సంఖ్య నూటికి సుమారు పదిమందికి దిగివచ్చినది. అప్పటి పరీక్ష ఇంకా బలహీనమైనది, చాలా కేసులను పట్టుకోలేకపోయేది. కనుక ఆ తగ్గుదలలో పెద్ద భాగము కొన్న రక్తమును మానుటవలననే వచ్చినదని వారు తేల్చారు.

అదే 1970లో బ్రిటన్‌కు చెందిన రిచర్డ్ టిట్మస్ అనే ఆచార్యుడు "ది గిఫ్ట్ రిలేషన్‌షిప్" అనే గ్రంథములో ఇదే విషయము వాదించాడు. రక్తమును బజారు సరుకు చేస్తే దాని నాణ్యత చెడుతుందని, దానముగా ఇచ్చేవారికి అబద్ధమాడవలసిన అవసరము తక్కువని ఆయన మాట. 1978 నుండి అమెరికాలో ప్రతి రక్తపు సంచి మీద అది డబ్బు తీసుకున్న దాతదా, స్వచ్ఛంద దాతదా అని రాయడము తప్పనిసరి చేశారు.

పేరు లేని వైరస్

నూటికి పదిమందికి వస్తున్న ఆ మిగిలిన హెపటైటిస్ ఏమిటి? 1975లో, దాచియుంచిన నమూనాలను పరీక్షించి చూస్తే, అందులో అధిక భాగము ఎ కాదు, బి కాదు అని తేలింది. పేరు పెట్టడానికి ఏమీ తెలియక "ఎ కాని, బి కాని హెపటైటిస్" అని పిలిచారు. 1978లో అటువంటి రోగుల రక్తమును చింపాంజీలకు ఎక్కించి, ఇది సోకే రోగమేనని రుజువు చేశారు. కాని ఆ వైరస్ ఎవరికీ దొరకలేదు. పది సంవత్సరాలకు పైగా ఎన్నో ప్రయోగశాలలు వెదకి విఫలమైనవి.

చివరకు 1989లో కాలిఫోర్నియాలోని కైరాన్ అనే కంపెనీలో మైకేల్ హౌటన్, ఆయన తోటివారైన క్వి లిమ్ చూ, జార్జ్ కువో, ప్రభుత్వ సంస్థకు చెందిన డేనియల్ బ్రాడ్లీతో కలసి దానిని పట్టుకున్నారు. కంటికి చూచి కాదు, రోగము సోకిన చింపాంజీ రక్తములోని జన్యుపదార్థపు ముక్కలను లక్షల కొలది వెదకి, అందులో ఒకే ఒక ముక్కను గుర్తించి పట్టుకున్నారు. దానికి హెపటైటిస్ సి అని పేరు వచ్చినది. ఆల్టర్ ఎన్నో ఏండ్లుగా దాచిన నమూనాలను క్రొత్త పరీక్షకు పెడితే, ఆ వైరస్సే కారణమని తేటపడింది. 1990లో దాతల రక్తమునకు ఈ పరీక్ష వచ్చినది, 1992లో మెరుగుపడింది. 1990 దశకము ముగిసేనాటికి బెతెస్డాలో రక్తము ఎక్కించుట వలన వచ్చే హెపటైటిస్ దాదాపు లేకుండా పోయినది. 2020లో ఆల్టర్, హౌటన్, చార్లెస్ రైస్ అను ముగ్గురికి నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. 2013లో కెనడా వారి లక్ష డాలర్ల గెయిర్డ్‌నర్ బహుమతి హౌటన్‌కు ఇవ్వబోతే, తనతో పనిచేసిన చూ, కువోలను విడిచిపెట్టినందున ఆయన దానిని తీసుకొనలేదు. మనము నేడు భయము లేకుండా రక్తము ఎక్కించుకొనగలుగుట వెనుక అటువంటి మనుష్యులున్నారు.

మంచి మనస్సుతో వచ్చినవారు ఎందుకు దాచారు?

ఇంతవరకు చదివినవారు, "డబ్బు తీసుకొనేవారే అబద్ధము చెప్తారు, మనబోటివారము చెప్పము" అనుకొనవచ్చును. ఇక్కడే జాగ్రత్తగా వినండి.

పరీక్ష వచ్చిన తరువాత, స్వచ్ఛందముగా రక్తమిచ్చి హెపటైటిస్ సి ఉన్నట్లు తేలినవారిని బెతెస్డా పరిశోధకులు పిలిచి, ఒక్కొక్కరితో ఏకాంతముగా, రహస్యము కాపాడుతామని మాట ఇచ్చి మాట్లాడారు. ఆ పరిశోధన ఫలితాలు 1996లో వెలువడినవి. అటువంటి 248 మంది దాతలలో 103 మంది, అనగా నూటికి 42 మంది, జీవితములో ఎప్పుడో ఒకప్పుడు మత్తుమందు సూదితో ఎక్కించుకున్నామని ఒప్పుకున్నారు. 66 మందికి పూర్వము రక్తము ఎక్కించియున్నారు. సూదితో మత్తు తీసుకున్నవారి నుండి రక్తము తీసుకొనరాదన్నది అప్పటికి అక్కడి నియమము. దాతల కాగితములో ఆ ప్రశ్న ఉన్నది. అయినా వీరు రక్తమిచ్చి వెళ్ళారు.

వీరెవరూ డబ్బు కోసము రాలేదు. ఇతరులకు మేలు చేయాలనే వచ్చారు. వారిలో అనేకులకు ఆ తప్పు యౌవనములో ఎప్పుడో జరిగి విడిచిపెట్టినది. ఇప్పుడు ఉద్యోగము, కుటుంబము, మర్యాద ఉన్నవి. తోటి ఉద్యోగులతో వరుసలో నిలబడియున్నప్పుడు చేతికి కాగితము వచ్చింది. ఆ స్థలములో "అవును" అని గుర్తు పెట్టడము సిగ్గు. అదే మనిషి ఏకాంతములో, తనను చులకన చేయని వైద్యుని ముందు కూర్చున్నప్పుడు నిజము చెప్పాడు.

డబ్బు ఒకరి నోరు మూసినట్లే సిగ్గు మరొకరి నోరు మూస్తుంది. రెండింటి ఫలితము ఆసుపత్రి మంచము మీద ఉన్న మూడవ మనిషికి చేరుతుంది. నిజము చెప్పినవానిని చులకన చేయని చోటనే సురక్షితమైన రక్తము దొరుకుతుంది. ఈ నెల నేను చెప్పదలచిన సంగతి ఇదే.

మన దేశములో

మన దేశములోనూ రక్తము అమ్ముకొనుట చాలాకాలము సాగింది. కామన్ కాజ్ అనే సంస్థ వేసిన వ్యాజ్యములో 1996 జనవరి 4న సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది. లైసెన్సు లేని బ్లడ్ బ్యాంకులు ఉండరాదని, డబ్బు తీసుకొని రక్తమిచ్చే పద్ధతిని రెండేండ్లలో తొలగించవలెనని ఆదేశించింది. 1998 జనవరి 1 నుండి ఆ నిషేధము అమలులోనికి వచ్చినది. హెపటైటిస్ సి పరీక్షను 2001లో తప్పనిసరి చేశారు. నేడు సేకరించిన ప్రతి యూనిట్టు రక్తమును హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా అను ఐదింటికి పరీక్షిస్తారు.

అయినను ఒక పాత జాడ్యము ఇంకా పూర్తిగా పోలేదు. "ఆపరేషనుకు రెండు యూనిట్లు కావాలి, మీ వాళ్ళను తీసుకొని రండి" అని చెప్పగానే ఇంట్లో అందరూ ఒకరి ముఖము ఒకరు చూసుకుంటారు. "బావగారికి రక్తమివ్వడానికి నీకేమి అడ్డము?" అని అడిగితే, తనకు అడ్డమేమిటో చెప్పలేని మరిది తల వంచుకొని వెళ్ళి పడుకొని రక్తమిస్తాడు. లేదా ఎవరో బయటి మనిషికి రహస్యముగా డబ్బిచ్చి చుట్టమని చెప్పిస్తారు. బలవంతము మీద వచ్చిన రక్తములో నిజము ఉండడము కష్టము. కష్టము వచ్చిన రోజున వెదుకులాడకుండా, ఏడాది పొడుగునా స్వచ్ఛందముగా ఇచ్చేవారు ఉంటేనే ఈ బలవంతము ఆగుతుంది.

పరీక్ష ఉన్నా ప్రశ్న ఎందుకు?

వైరస్ ఒంట్లో ప్రవేశించిన మరుసటి రోజే పరీక్షకు దొరకదు. బి గాని, సి గాని సోకిన తరువాత కొన్ని వారాలవరకు సాధారణ పరీక్షలో "లేదు" అనే వస్తుంది. దీనిని విండో పీరియడ్ అంటారు. ఆ వారాలలో ఇచ్చిన రక్తము పరీక్షలో నెగ్గి రోగికి చేరుతుంది. వైరస్ జన్యుపదార్థమును నేరుగా వెదికే న్యాట్ అనే పరీక్ష ఈ వ్యవధిని తగ్గిస్తుందే గాని పూర్తిగా తీసివేయదు. పైగా అది మన దేశములో అన్ని బ్లడ్ బ్యాంకులలో లేదు. యంత్రము చూడలేని ఆ కొన్ని వారాలను చూడగలిగినది ఒక్క దాత జ్ఞాపకమే. అందుకే ఆ ప్రశ్నలు.

ఒక్క సంచి రక్తమును ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు అని విడదీసి ముగ్గురికి ఎక్కించవచ్చును. ఒక్కరి "లేదు" అనే గుర్తు ముగ్గురి మీద పడుతుంది. తలసీమియా ఉన్న పసిపిల్లల సంగతి తలచుకోండి. వారికి రెండు నుండి నాలుగు వారాలకొకసారి, జీవితాంతము, రక్తము ఎక్కించవలసిందే. ఆ బిడ్డ తల్లి ఏడాదికి ఎందరో తెలియని మనుష్యుల మాటను నమ్మి తన బిడ్డను ఆ మంచము మీద పడుకోబెడుతుంది.

ఇంకొక సంగతి. "నాకు ఏదైనా రోగమున్నదేమో ఉచితముగా తెలుసుకుందాము" అని రక్తదానానికి వెళ్ళేవారున్నారు. దయచేసి ఆ పని చేయకండి. అనుమానముంటే ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష చేయించుకోండి.

దాతకు పిలుపు వస్తే

పరీక్షలో ఏదైనా తేలితే మీకు తెలియజేయవలెనా అని ఆ కాగితములోనే అడుగుతారు. "అవును" అని రాయండి. సరియైన ఫోను నంబరు ఇవ్వండి. పిలుపు వస్తే తప్పక వెళ్ళండి. అది మీ మేలు కోసమే.

నాకు తెలిసిన ఒక కుటుంబములో, పెండ్లీడు వచ్చిన కుమారుడు శిబిరములో రక్తమిచ్చిన తరువాత హెపటైటిస్ బి ఉన్నట్లు తెలిసింది. ఇంట్లో ఏడ్పులు మొదలైనవి. ఎక్కడెక్కడ తిరిగి తెచ్చుకున్నావని తండ్రి నిలదీశాడు. తల్లి అతని కంచము, గ్లాసు వేరు చేసి ఒక మూల పెట్టింది. మా సంఘములో నర్సుగా పనిచేసే సహోదరితో కలసి నేను వెళ్ళాను. ఆమె నెమ్మదిగా వారికి చెప్పి, ఇంటిల్లిపాదిని పరీక్షకు తీసుకొని వెళ్ళింది. తల్లికి కూడా అదే వైరస్ ఉన్నట్లు తేలింది. కాన్పు సమయములోనే బిడ్డకు సోకి ఉండవచ్చునని వైద్యుడు చెప్పాడు. తల్లికి ఏమీ తెలియదు, ఆమె తప్పు ఏమీ లేదు. ఆ సాయంత్రము ఆ తల్లి వేరు పెట్టిన కంచమును తన చేతులతోనే తెచ్చి మరల అందరి కంచాలలో కలిపింది. ఇప్పుడు తల్లీ కొడుకులు ఇద్దరూ ఒకే వైద్యుని వద్దకు ఆరు నెలలకొకసారి వెళ్ళి చూపించుకొని వస్తున్నారు. ఆ యువకుని పెండ్లి కూడా జరిగింది. ముందుగానే నిజము చెప్పారు, అమ్మాయికి టీకాలు వేయించారు.

మన దేశములో హెపటైటిస్ బి ఉన్నవారిలో అనేకులకు అది పుట్టుకలోనో, పసితనములోనో వచ్చినదే. కనుక చీటీ చూడగానే మనిషి నడతను అనుమానించకండి. కలసి భోజనము చేస్తే, ఒకే గ్లాసుతో నీళ్ళు త్రాగితే, చేయి కలిపితే, కౌగిలించుకుంటే ఇది అంటదు. క్షవరపు బ్లేడు, పళ్ళ బ్రష్షు, గోళ్ళ కత్తెర మాత్రము ఎవరివి వారికి వేరుగా ఉండాలి. పుండ్లకు కట్టు కట్టుకోవాలి.

మందులున్నవి. హెపటైటిస్ సి ఈనాడు నయమయ్యే రోగము. సాధారణముగా 12 వారాలు మాత్రలు మ్రింగితే నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. హెపటైటిస్ బి పూర్తిగా పోకపోయినా, అవసరమైనవారికి మాత్రలతో అదుపులో ఉంటుంది. 2018 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమము క్రింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాలలో ఈ పరీక్షలు, మందులు ఉచితముగా ఇస్తారు. బి రాకుండా టీకా ఉన్నది. మన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశములోనే మొదటిసారిగా జన్యు పద్ధతిలో ఆ టీకాను తయారుచేసి సామాన్యులకు అందుబాటులోనికి తెచ్చింది. పుట్టిన బిడ్డకు 24 గంటలలోపల మొదటి టీకా వేయించాలి. దీనిని మరువకండి. సి కి ఇంకా టీకా లేదు.

పసరు మందుల గురించి ఒక మాట. కామెర్లకు నేల ఉసిరి వాడటము మనకు తెలిసినదే. 1988లో మద్రాసు శాస్త్రజ్ఞులు స్వయముగా బ్లంబర్గ్‌తో కలసి హెపటైటిస్ బి ఉన్నవారికి దానిని ఇచ్చి చూసి మంచి ఫలితము వచ్చినదని ప్రకటించారు. కాని తరువాత ఇతరచోట్ల జరిగిన పరిశోధనలలో అటువంటి ఫలితము రాలేదు. కాబట్టి పసరు త్రాగి, చేతికి వాతలు పెట్టించుకొని కాలము పోగొట్టుకోకండి.

శిబిరము పెట్టేవారికి, ఇంటివారికి

మొదటిది, దాతలు కాగితము నింపే స్థలమును వేరుగా ఏర్పాటు చేయండి. ఒక తెర కట్టినా చాలును. స్నేహితుడు ప్రక్కనుండి తొంగి చూచే బల్ల మీద ఎవరూ నిజము రాయలేరు.

రెండవది, రక్తమివ్వకుండా తిరిగి వచ్చినవానిని "ఏమి, ఎందుకు ఇవ్వలేదు?" అని అడగకండి. 18 నుండి 65 ఏండ్ల వయస్సు, కనీసము 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలి. పురుషులకు 90 రోజులు, స్త్రీలకు 120 రోజుల వ్యవధి ఉండాలి. మందులు వాడుతున్నా, జ్వరము వచ్చియున్నా ఆగవలసిందే. ఇవ్వకపోవడానికి ఇన్ని కారణాలుండగా, ఆ కారణము మనకెందుకు?

మూడవది, "మా సంఘము నుండి ఇన్ని వందల యూనిట్లు" అని పోటీలు పెట్టకండి. కాపరులు, పెద్దలు వేదిక మీదనుండి పేర్లు పిలిచి బలవంతము చేయకండి. లెక్క పెరగవచ్చును గాని దానితోపాటు దాపరికమూ పెరుగుతుంది.

నాలుగవది, రక్తమిచ్చి వచ్చిన తరువాత ఏదైనా జ్ఞాపకము వచ్చినా, అనుమానము కలిగినా బ్లడ్ బ్యాంకుకు ఫోను చేసి "నా రక్తము వాడకండి" అని చెప్పండి. రక్తము ఎవరికైనా ఎక్కించకముందే చెప్పితే ఆ సంచిని ప్రక్కన పెట్టగలరు. ఎవరూ మిమ్మును తప్పు పట్టరు.

చివరిగా తలిదండ్రులకు మనవి. మీ కుమారుడు గాని, కుమార్తె గాని ఏదో ఒక చీటీ పట్టుకొని ఇంటికి వస్తే, మీరు మొదట అడిగే ప్రశ్న "ఎక్కడ తెచ్చుకున్నావు?" అని ఉండకూడదు. "డాక్టరుగారి దగ్గరకు ఎప్పుడు వెళ్దాము?" అని ఉండాలి. ఇంట్లో ఆ ప్రశ్న విన్న బిడ్డ రేపు ఏ కాగితము మీదనైనా నిజము రాయగలుగుతాడు.